దారి ఇచ్చేది ఎవరు?

పోయిన నెల ఒక సాయంత్రం మా వీధి చివరి ఇంటాయన ఒక కాగితం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. వాళ్ల అమ్మాయి రాజమండ్రిలో నర్సింగ్ చదివి, గల్ఫ్‌లో నాలుగేళ్లు ఆస్పత్రిలో పని చేసింది. ఇప్పుడు ఒక వైద్య సహాయ సంస్థ దక్షిణ సూడాన్‌లో ఉద్యోగం ఇస్తానంది. "అక్కడ గొడవలంట కదా మాస్టారూ. బుల్లెట్ ప్రూఫ్ కార్లు ఇస్తారా, తుపాకులోళ్లు కూడా వస్తారా, కాస్త చదివి చెప్పండి" అన్నాడు. కాగితంలో జీతం, సెలవులు, విమానం టికెట్ల గురించి పేజీలకు పేజీలు ఉంది. భద్రత గురించి రెండే రెండు వాక్యాలు. "సంస్థ భద్రతా నియమాలను పాటించాలి" అన్నది అందులో ఒకటి.

ఆ తండ్రి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. భద్రత అంటే ఇనుము, తుపాకీ అనే మనందరం అనుకుంటాం. నేను యుద్ధం జరిగేచోట పని చేయలేదు. 1986 ఆగస్టు వరద దగ్గర నుంచి, బడి సెలవులిచ్చిన ప్రతి వరదలోనూ గోదావరి లంకలకు పడవల మీద సరుకులు చేరవేసే పనిలో ఉన్నాను. ఆ పని చేస్తూ ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఆయనకు జవాబు చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆ వారంలో కూడబెట్టుకున్నదే ఇక్కడ రాస్తున్నాను, ఇలాంటి కాగితాలు కోనసీమలో ఇంకా చాలా ఇళ్లకు వస్తాయి కాబట్టి.

ముందు ఒక పడవ సంగతి చెప్పాలి.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాజ్‌వేలన్నీ మునిగాయి. అంతకు రెండు నెలల ముందే, మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే విషయంలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఊళ్లో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే ఇబ్బంది పడుతున్న రోజులవి. మా ఇంజను పడవలో బియ్యం మూటలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్ల టిన్నులు, పశువులకు నాలుగు గడ్డి మోపులు ఉన్నాయి. లంకలో మొదటి రేవు దగ్గరికి రాగానే సరంగు ఇంజను ఆపేశాడు. గట్టు మీద నుంచి ఒక పెద్దాయన అడిగాడు: "ఎవరి పడవ ఇది?"

అన్ని వరదల్లోనూ గట్టు మీద జనం అడిగే మాట "ఏం తెచ్చారు?" అని. ఆ ఏడు మాత్రం "ఎవరు పంపారు?" అని అడిగారు.

మాలో పట్నం నుంచి వచ్చినవాళ్లు గబగబా సంస్థ పేరు చెప్పబోయారు. సరంగు వాళ్లను ఆపి, తనే మాట్లాడాడు. "చివరి పేటలో నీళ్లు ఇళ్లలో ఉన్నాయండి. ముందు అక్కడికి పోయి, వచ్చేటప్పుడు మీకు ఇక్కడ దింపుతాం. ఇదిగోండి లెక్క" అని జాబితా చేతికిచ్చాడు. ఊరుకోలేదు. "మీ కుర్రాళ్లు ఇద్దరు మాతో రండి, మీరే చూద్దురు గాని" అన్నాడు. ఇద్దరు ఎక్కారు. చివరి పేటలో నడుం లోతు నీళ్లలో పిల్లల్ని మంచాల మీద నిలబెట్టుకున్న తల్లుల్ని వాళ్ల కళ్లతో వాళ్లే చూశారు. తిరిగి వచ్చేటప్పుడు మొదటి రేవులో జాబితాలో రాసినంతే దింపాం, ఒక కిలో ఎక్కువా లేదు, తక్కువా లేదు. మాట్లాడవలసినదంతా ఆ కుర్రాళ్లే వాళ్ల వాళ్లతో మాట్లాడుకున్నారు. మర్నాడు అదే రేవులో మా పడవకు తాడు పట్టుకున్నారు.

యుద్ధప్రాంతాల్లో సహాయ సంస్థలు ఏళ్ల తరబడి నేర్చుకున్న పాఠం మొత్తం ఆ పావుగంటలో ఉంది. మన చేతిలో సరుకు ఉంది, అవతల అవసరం ఉంది, అయినా మధ్యలో ఒకరు దారి ఇస్తే తప్ప రెండూ కలవవు. దారి దొరకడం, మన ప్రాణం నిలవడం రెండు వేర్వేరు పనులని సంస్థల ఆఫీసుల్లో అనుకుంటారు. ఒకదానికి ఒక అధికారి ఉంటాడు, రెండోదానికి ఇంకొకాయన. రేవు దగ్గర అవి రెండూ ఒక్కటే. మనల్ని నమ్మి దారి ఇచ్చినవాళ్లే మనల్ని కాపాడేది కూడా.

ఇక ఆ దారి అడిగే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? 1859 జూన్‌లో ఉత్తర ఇటలీలో సొల్ఫెరినో యుద్ధం తర్వాత, దిక్కులేక పడివున్న వేలమంది గాయపడ్డ సైనికుల్ని అన్రీ డ్యునాఁ అనే స్విస్ వ్యాపారి చూశాడు. దాని నుంచే 1863లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ, 1864లో మొదటి జెనీవా ఒప్పందం పుట్టాయి. ఇప్పుడు అమల్లో ఉన్న నాలుగు జెనీవా ఒప్పందాలు 1949 ఆగస్టు 12వి. భారతదేశం 1950లో వాటిని ఆమోదించి, 1960లో సొంత చట్టం చేసుకుంది. నాలుగింటిలోనూ ఒకేలా కనిపించే మూడో అధికరణం దేశం లోపలి యుద్ధాలకు కూడా వర్తిస్తుంది. గాయపడినవాళ్లు, జబ్బుపడినవాళ్లు ఏ పక్షం వాళ్లయినా వైద్యం అందించాలని అది చెబుతుంది. రెడ్‌క్రాస్ కమిటీ వంటి నిష్పాక్షిక సంస్థ యుద్ధం చేసే పక్షాల ముందు తన సేవలు అందిస్తానని ప్రతిపాదించవచ్చు అని కూడా అందులో ఉంది.

ప్రతిపాదించవచ్చు అన్న ఆ మాట దగ్గర ఆగాలి. తలుపు తట్టే హక్కు ఉంది, తోసుకుని లోపలికి పోయే హక్కు లేదు. 1977లో వచ్చిన అదనపు ప్రోటోకాళ్లు కూడా సహాయానికి సంబంధిత పక్షం అంగీకారం కావాలనే అంటాయి. భారత్ వాటిలో చేరలేదు. జనం ఆకలితో, రోగాలతో చచ్చిపోతుంటే సరైన కారణం లేకుండా అంగీకారం నిరాకరించకూడదు అన్నది న్యాయనిపుణులు ఎక్కువమంది ఒప్పుకునే మాట. యుద్ధంలో పౌరుల్ని కావాలని పస్తులు పెట్టడం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టంలో యుద్ధనేరం. 2018లో భద్రతా మండలి 2417వ తీర్మానం ఈ మాటే గట్టిగా చెప్పింది. చట్టం బలంగానే ఉంది, కానీ చెక్‌పోస్టు దగ్గర తుపాకీ పట్టుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు దాన్ని చదివి ఉండడు. అతనికి తన కమాండరు చెప్పిందే చట్టం. అందుకే ఈ పనిలో సగం బేరసారాలు, మాటలు, ఎదురుచూపులు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, మన ఊళ్లలో రోజూ కళ్లముందు ఉండేదే. ఏ సెంటర్‌లో చూసినా ఆర్‌ఎంపీ బోర్డు మీద, మందుల షాపు మీద, డాక్టరు గారి కారు అద్దం మీద తెల్లటి నేపథ్యంలో ఎర్ర ప్లస్సు ఉంటుంది. మనం అది వైద్యం గుర్తు అనుకుంటాం. నిజానికి అది సైన్యాల వైద్యవిభాగాలకు, రెడ్‌క్రాస్ సంస్థలకు మాత్రమే చెందిన గుర్తు. 1960 నాటి మన చట్టమే మిగిలినవాళ్లు వాడకూడదని నిషేధించింది. యుద్ధంలో ఆ గుర్తుకు ఒకటే అర్థం: కాల్చొద్దు. దాన్ని ఎవరు పడితే వాళ్లు, దేనికి పడితే దానికి వేసుకుంటే, నిజంగా అవసరమైన రోజున ఎవరూ దాన్ని లెక్కచేయరు. బోర్డు రాయించుకునే డాక్టర్లు ఆ ఎరుపు మార్చి ఆకుపచ్చ వేయించుకుంటే పోయేదేమీ లేదు.

సూత్రాల దగ్గరికి వస్తే, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1991 డిసెంబరు 19న చేసిన 46/182 తీర్మానం మానవత, తటస్థత, నిష్పాక్షికత అని మూడింటిని పెట్టింది. తర్వాత స్వతంత్రత చేరింది. మన భాషలో తటస్థత, నిష్పాక్షికత ఒకే అర్థంలో వాడేస్తుంటాం, గందరగోళం అక్కడే మొదలవుతుంది. మా పడవలో చూస్తే తేడా తెలిసిపోతుంది. చివరి పేటకు ముందు పోవడం నిష్పాక్షికత. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లకు ముందు, కులం, పార్టీ, పరిచయం చూడకుండా. పడవలో ఉన్నంతసేపు జిల్లా పేరు గురించి నోరు విప్పకపోవడం తటస్థత. మాకు అభిప్రాయాలు లేక కాదు, ఆ అభిప్రాయం నోట్లోంచి వస్తే పడవ ఒక పక్షానిది అయిపోతుంది. పడవకు ఏ జెండా కట్టనివ్వకపోవడం, ఖర్చు ఎవరు పెట్టారో అడిగితే దాచకుండా చెప్పగలగడం స్వతంత్రత.

తటస్థత గురించి చాలామంది మంచివాళ్లకే కోపం ఉంటుంది. అన్యాయం కళ్లముందు కనిపిస్తుంటే మౌనంగా ఉండడమేమిటని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఒకటి చూడాలి. 2005 తర్వాత సల్వాజుడుం అనే మావోయిస్టు వ్యతిరేక సాయుధ దళానికీ మావోయిస్టులకూ మధ్య నలిగి, బస్తర్ నుంచి గుత్తికోయ కుటుంబాలు వేలకొద్దీ మన గోదావరి అడవుల్లోకి వచ్చాయి. వాళ్ల దగ్గరికి మొబైల్ క్లినిక్కులు నడిపిన సంస్థల్లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ ఒకటి. ఆ అడవిలో మలేరియా సోకిన పిల్లకు సూది వేసే నర్సును ఒకవైపు పోలీసులు అనుమానంగా చూస్తారు, ఇంకోవైపు అడవిలోని వాళ్లు ఇన్ఫార్మరేమోనని చూస్తారు. ఆమె ఒక్క మాట జారితే రెండో రోజు ఆ దారి మూసుకుపోతుంది. నష్టపోయేది ఆ పిల్ల.

దారి మూసేది ఎప్పుడూ తుపాకీయే అనుకోకూడదు. ఎక్కువసార్లు కాగితమే మూస్తుంది. వీసా ఇవ్వరు. ఇచ్చినా లోపలి జిల్లాకు పోవడానికి ఇంకో అనుమతి. మందులు కస్టమ్స్‌లో నెలల తరబడి ఆగుతాయి. ఉగ్రవాద వ్యతిరేక చట్టాలు, ఆంక్షల భయంతో బ్యాంకులు డబ్బు పంపనివ్వవు. 2022 డిసెంబరులో భద్రతా మండలి 2664వ తీర్మానంతో మానవతా సహాయానికి తన ఆంక్షల నుంచి మినహాయింపు ఇచ్చేదాకా ఈ టెన్షన్ తీరలేదు, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. చెక్‌పోస్టులో "టీ ఖర్చులకు" అడిగేవాళ్లు మరో రకం. ఒక్కసారి ఇస్తే మన వెనక వచ్చే ప్రతి బండికీ అది రేటు అయి కూర్చుంటుంది. అన్నట్టు, దారి దొరకడం అంటే మనం జనం దగ్గరికి పోవడమే కాదు, జనం మన దగ్గరికి రాగలగడం కూడా. మన క్లినిక్కు గుమ్మం తెరిచే ఉన్నా, రోడ్డు మీద మగపిల్లల్ని ఆపి పట్టుకుపోతున్నారంటే ఆ క్లినిక్కు మూసినట్టే.

మాటలతో ఎంత సాధించవచ్చో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఎల్ సాల్వడార్. 1985లో అక్కడ అంతర్యుద్ధం మధ్యలో పిల్లలకు టీకాలు వేయడానికి ప్రభుత్వమూ తిరుగుబాటుదారులూ కొన్ని రోజులు కాల్పులు ఆపారు. యూనిసెఫ్, చర్చి మధ్యవర్తులుగా నిలిచాయి. ప్రశాంతత రోజులు అని వాటికి పేరు. ఏటా అలా ఆపారు. చంపుకుంటున్నవాళ్లు కూడా తమ పిల్లలకు పోలియో రాకూడదనే కోరుకుంటారు, దాన్ని పట్టుకుని మాట కలిపారు.

ఇప్పుడు బుల్లెట్ ప్రూఫ్ కారు సంగతి. సిబ్బందిని కాపాడుకునే పద్ధతుల్ని మూడుగా చెబుతారు. జనం ఆమోదం సంపాదించడం మొదటిది. గోడలు, ఇసుక బస్తాలు, హెల్మెట్లు వంటి రక్షణ ఏర్పాట్లు రెండోది. సాయుధ ఎస్కార్టు పెట్టుకోవడం, లేదా దాడి జరిగితే సేవలు ఆపేస్తామని చెప్పడం లాంటి నిరోధం మూడోది. చదివితే మూడూ పక్కపక్కన వరసగా పేర్చుకోవచ్చు అనిపిస్తుంది. ఆచరణలో ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. మా పడవలో ఆ రోజు ఇద్దరు కానిస్టేబుళ్లు ఉండి ఉంటే సరుకు దిగేది, కానీ ఆ ఇద్దరు కుర్రాళ్లు పడవ ఎక్కేవాళ్లు కాదు. మర్నాడు కానిస్టేబుళ్లు లేకుండా మేం వెళ్లగలిగేవాళ్లమూ కాదు. సాయుధ ఎస్కార్టుతో ఒకసారి వెళ్లిన రోడ్డు మీద రెండోసారి ఎస్కార్టు లేకుండా వెళ్లడం కష్టం, పక్క సంస్థకు కూడా.

ఆమోదం అంటే మంచి పేరు అనుకోవద్దు. అది రోజూ చేయవలసిన పని. ఎవరితో మాట్లాడాలో తెలుసుకోవాలి, ఊరి పెద్దతో మాట్లాడితే సరిపోతుందా, ఆయన మాట వినని కుర్రాళ్ల నాయకుడు ఎవరు, ఆడవాళ్లలో ఎవరి మాట నడుస్తుంది. ఇచ్చిన మాట గ్రాము తేడా లేకుండా నిలబెట్టుకోవాలి. ఇవ్వలేనిదాన్ని ముందే ఇవ్వలేనని చెప్పాలి. సరంగు చేతిలో జాబితా ఉంది, సాక్షులుగా కుర్రాళ్లు ఉన్నారు, అందుకే పని జరిగింది.

దీనికీ హద్దులున్నాయి, అవి దాచడం మోసం. డబ్బు కోసం ఎత్తుకుపోయే ముఠాకు ఊరి ఆమోదంతో పని లేదు. ఆకాశం నుంచి బాంబు వేసేవాడికి అసలే లేదు. పక్కనే ఉన్న శ్రీలంకలో, 2006 ఆగస్టు 4న ముత్తూరులో, సునామీ బాధితుల కోసం పనిచేస్తున్న యాక్షన్ అగైనెస్ట్ హంగర్ సంస్థ సిబ్బంది 17 మందిని వాళ్ల ఆఫీసు ఆవరణలోనే కాల్చి చంపారు. అందరూ ఆ దేశస్తులే. పదహారుగురు తమిళులు, ఒకరు ముస్లిం. ఇన్నేళ్లయినా ఎవరికీ శిక్ష పడలేదు.

బాంబుల నుంచి కాపాడుకోవడానికి సంస్థలు చేసేది ముందుగా సమాచారం ఇవ్వడం. మా ఆస్పత్రి ఇక్కడుంది, మా బండ్లు ఫలానా గంటకు ఫలానా దారిలో వెళ్తాయి అని యుద్ధం చేసే పక్షాలకు అక్షాంశ రేఖాంశాలతో సహా పంపుతారు. అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్‌లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అలాగే పంపింది. 2015 అక్టోబరు 3న అమెరికా విమానం ఆ ఆస్పత్రినే పేల్చింది, 42 మంది చనిపోయారు. దాడి మొదలయ్యాక ఫోన్లు చేసినా వెంటనే ఆగలేదు. గాజాలో 2024 ఏప్రిల్ 1న, ఆకలిగొన్నవాళ్లకు భోజనం అందించే వరల్డ్ సెంట్రల్ కిచెన్ సంస్థ బండ్లు ఇజ్రాయెల్ సైన్యానికి ముందుగా చెప్పిన దారిలోనే వెళ్తున్నాయి. అయినా ఆ సైన్యమే వాటి మీద దాడి చేసింది, ఏడుగురు చనిపోయారు.

మనకు ఇది కొత్తగా అర్థం చేసుకోవలసిన విషయం కాదు. ధవళేశ్వరంలో ఎంత నీరు వదిలారో కలెక్టరేట్‌కు తెలుస్తుంది, మండలానికి ఫోను వస్తుంది. ఆ కబురు లంకలో దండోరా వేసే మనిషి దాకా రాకపోతే రాత్రి పశువులు కట్లలోనే కొట్టుకుపోతాయి. సమాచారం పంపడం వేరు, మీట మీద వేలు పెట్టినవాడికి అది చేరడం వేరు. అందుకే భద్రత గురించి అడిగేటప్పుడు "సైన్యానికి చెప్పారా?" అని అడిగితే చాలదు. "అందిందని వాళ్లు తిరిగి చెప్పారా? పొరపాటు జరిగితే ఆ క్షణంలో ఆపించగల మనిషి నంబరు మన దగ్గర ఉందా?" అని కూడా అడగాలి.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇక్కడుంది. ఈ పనిలో చనిపోయేది ఎవరు?

2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐక్యరాజ్యసమితి ఆఫీసు మీద ట్రక్కు బాంబు పేలి 22 మంది చనిపోయారు. ఆ రోజునే ప్రపంచ మానవతా దినంగా పాటిస్తున్నారు. సమితి 2005లో ప్రత్యేక భద్రతా విభాగం పెట్టింది. గోడలు ఎత్తు పెంచారు, నియమాలు పెరిగాయి. అయినా ప్రపంచమంతటా 2023లో 280 మందికి పైగా సహాయ సిబ్బంది హతమయ్యారు, 2024లో 383 మంది. ఆ 383లో 181 మంది గాజాలో, 60 మంది సూడాన్‌లో. వాళ్లలో అత్యధికులు బయటి దేశాల నుంచి వెళ్లినవాళ్లు కాదు. ఆ ఊళ్లోనే పుట్టిన డ్రైవర్లు, నర్సులు, కాపలాదార్లు, మూటలు మోసేవాళ్లు.

ఆ పడవలో మేం ఎనిమిదిమందిమి. లైఫ్ జాకెట్లు ఆరు వచ్చాయి. పంపినవాళ్లు లెక్కపెట్టింది మా ఆరుగురినే. సరంగుకూ కళాసీకీ లేవు. రేవులో ఒకరు ఆ మాట ఎత్తితే మాలో ఒకాయన "వాళ్లకు ఈత వచ్చు కదా" అన్నాడు. ఎవరూ మారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాకిచ్చిన నారింజ రంగు జాకెట్ బకిల్ పెట్టుకుని, ఒట్టి బనీనుతో చుక్కాని పట్టుకున్న మనిషి వెనక కూర్చున్నాను. ఆ వరద నీటిలో చెట్ల మానులు కొట్టుకొస్తున్నాయి, పడవ తిరగబడితే ఈత ఎవరికీ అక్కరకు రాదు. పైగా ఆ ఎనిమిదిమందిలో మేం రెండు రోజులు వచ్చి పోయేవాళ్లం. ఆయన ఆ వరదలో రోజూ తిరుగుతున్నాడు.

"వాళ్లకు ఈత వచ్చు కదా" అన్న మాట ప్రపంచంలో చాలా ఆఫీసుల్లో వేరే వేరే పదాల్లో వినబడుతుంది. వాళ్లు లోకల్ కదా, భాష వచ్చు కదా, ఎవరూ ఏమీ చేయరులే. పరిస్థితి చెడగానే విదేశీ సిబ్బందిని విమానం ఎక్కించి, దూరం నుంచి ఫోన్లలో, వీడియో కాల్స్‌లో పని నడిపిస్తారు. పని ఆగదు. చేసేది స్థానికులు. అంటే ప్రమాదం తగ్గలేదు, ఒకరి నెత్తి మీద నుంచి ఇంకొకరి నెత్తి మీదికి మారింది. నిజానికి స్థానికుడికి ప్రమాదం మరో రకంగా ఎక్కువే. అతని తెగ, కులం, ఇల్లు, పిల్లలు చదివే బడి అందరికీ తెలుసు. సరుకుల జాబితాలో పేరు లేనివాడు రాత్రి అతని ఇంటికే వస్తాడు. సంస్థ వెళ్లిపోయాక కూడా అతను అక్కడే ఉండాలి.

సిబ్బంది బాగోగులు సంస్థ బాధ్యత అన్నది ఇప్పుడు మంచితనానికి వదిలేసిన విషయం కాదు. 2012లో కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరాల దగ్గర నార్వే శరణార్థుల మండలి బండ్ల మీద దాడి జరిగింది. ఒక డ్రైవరు చనిపోయాడు, నలుగుర్ని ఎత్తుకుపోయారు, నాలుగు రోజులకు విడిపించారు. వాళ్లలో ఒకరు కోర్టుకు వెళ్తే, 2015లో ఓస్లో జిల్లా కోర్టు సంస్థది తీవ్రమైన నిర్లక్ష్యమని తేల్చి పరిహారం ఇమ్మంది. ప్రపంచంలోని సహాయ సంస్థలన్నీ ఆ తీర్పు చదువుకున్నాయి. నాకు మాత్రం దాంట్లో ఆ డ్రైవరే గుర్తుంటాడు.

ఎప్పుడు ఆగాలో ఎలా నిర్ణయిస్తారు? ఇది కూడా గోదారి ఒడ్డువాళ్లకు తెలిసిన లెక్కే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏ అంకె దగ్గర ఎవరు ఏం చేయాలో నీళ్లు లేని రోజునే రాసిపెట్టుకుంటారు, నీరు గుమ్మంలోకి వచ్చాక వాదించుకుంటూ కూర్చోరు. మంచి సంస్థలు అలాగే గుర్తులు రాసుకుంటాయి. సంతలో ధాన్యం హఠాత్తుగా మాయమైందా, ఊళ్లో కుటుంబాలు రాత్రికి రాత్రి సామాన్లు సర్దుకుంటున్నాయా, పిల్లలు ఆడే మైదానం ఖాళీగా ఉందా. ఇన్ని కనబడితే ప్రయాణాలు బంద్. ఇంకొన్ని కనబడితే తలుపులు వేసుకుని లోపలే ఉండడం. ఆ తర్వాత వేరే ఊరికి మారడం, చివరికి దేశం విడిచి రావడం. ఈ గుర్తులు ముందుగా కనిపెట్టేది వంటమనిషి, కాపలాదారు. వాళ్లను అడగని ఆఫీసులో ఎంత ఖరీదైన మ్యాపు ఉన్నా ఉపయోగం లేదు.

అలాగే ప్రమాదాన్ని ఎంతవరకు భరించాలన్నది పనిని బట్టి ఉండాలి. కలరా మందు తీసుకెళ్లడానికి కొంత ప్రమాదం ఒప్పుకోవచ్చు. ఫోటోల కోసం పెద్దల పర్యటనకు, ట్రైనింగ్ మీటింగుకు అదే ప్రమాదం ఒప్పుకోకూడదు. దదాబ్‌లో దాడికి గురైన ఆ కాన్వాయ్‌లో సంస్థ అధినేత పర్యటన బృందం ఉంది. రెండు బండ్లు కలిసి వెళ్లడం, గంట గంటకూ రేడియోలో కబురు చెప్పడం, చీకటి పడకముందే చేరడం, చేతికందేలా ఒక సంచి సర్దిపెట్టుకోవడం ఇవన్నీ అవసరమే, ఏ శిక్షణలోనైనా నేర్పుతారు.

వారం తర్వాత ఆ తండ్రిని పిలిచి, అమ్మాయిని ఫోన్లోకి రమ్మన్నాను. కారు సంగతి పక్కన పెట్టి, సంతకానికి ముందు సంస్థను ఇవి అడగమ్మా అని చెప్పాను. ఆ ప్రాంతంలో రెండు పక్షాలతోనూ మాట్లాడేది ఎవరు, ఎన్నాళ్ల నుంచి మాట్లాడుతున్నారు? చివరిసారి మీ వాళ్లకు ఏం ప్రమాదం జరిగింది, దాని తర్వాత ఏం మార్చారు? ఫలానా ప్రయాణం నేను చేయనంటే ఉద్యోగం ఉంటుందా? వానాకాలంలో రోడ్లు మునిగినప్పుడు, అక్కడా మునుగుతాయి, బయటికి రావడానికి దారేది? నా బండి నడిపే డ్రైవరుకు నాకున్న ఇన్సూరెన్స్ ఉందా, నన్ను తీసుకొచ్చేటప్పుడు అతన్ని, అతని కుటుంబాన్ని ఏం చేస్తారు?

ఆమె అన్నీ నోట్ చేసుకుంది. మొన్న ఆదివారం ఆయన మళ్లీ మా అరుగు మీదికి వచ్చాడు. ఇంటర్వ్యూలో అన్నీ అడిగిందట. నాలుగింటికి వాళ్లు అక్కడికక్కడే వివరంగా జవాబు చెప్పారట. ఇన్సూరెన్స్ ప్రశ్నకు మాత్రం కనుక్కుని చెబుతామన్నారట.

"మరి సంతకం పెట్టిందా?" అన్నాను.

"లేదండి. ఆ డ్రైవరు సంగతి తేలాకే పెడతానంటుందండి" అన్నాడు.